పిల్లులు, కుక్క, చేపల తొట్టి ఉన్న ఇంట్లో సాలీళ్లను తగ్గించుకోవడం ఎలా?

ప్రశ్న: రెండుపిల్లులు

మా ఇంట్లో రెండు పిల్లులు, వయసు మళ్లిన ఒక కుక్క, హాల్లో ఒక చేపల తొట్టి ఉన్నాయి. కొంతకాలంగా సాలీళ్లు బాగా పెరిగాయి. పైకప్పు మూలల్లోనూ, పుస్తకాల అరల వెనకా, వాషింగ్ మెషీన్ పక్కన ఉన్న సందులోనూ ఎంత శ్రద్ధగా బూజు దులిపినా కొద్దిరోజుల్లోనే మళ్లీ గూళ్లు కనిపిస్తున్నాయి. వీటిలో ఎక్కువ భాగం సన్నని పొడవాటి కాళ్లతో గూటిలో తలకిందులుగా వేలాడేవి. కదిలిస్తే గూడంతా ఊగేలా వణుకుతాయి. ఇవి కాక, అరచేయంత వెడల్పున్న గోధుమరంగు సాలీడు ఒకటి అప్పుడప్పుడు రాత్రిపూట గోడమీద పరుగెడుతూ కనిపిస్తుంది. దానికి గూడంటూ ఉన్నట్టు లేదు.

పురుగుమందు కొట్టించడానికి మనసు ఒప్పడం లేదు. చిన్నపిల్లి కదిలే ప్రతి పురుగునూ వేటాడి, దొరికితే నమిలేస్తుంది. కుక్క నేల మీద ఏది పడినా నాకుతుంది. పెప్పర్‌మింట్ నూనెను నీళ్లలో కలిపి చల్లమని ఒకరు, వెనిగర్ చల్లమని ఇంకొకరు, మూలల్లో కలరా ఉండలు పెట్టమని మరొకరు చెప్పారు. ఇవన్నీ సహజమైనవో, ఇంట్లో ఎప్పటినుంచో వాడుతున్నవో కాబట్టి ప్రమాదం లేదన్నది వారి వాదన.

నేను తెలుసుకోదలచినవి మూడు విషయాలు. జంతువులకు హాని లేకుండా సాలీళ్లను నిజంగా తగ్గించే మార్గం ఏమిటి? పైన చెప్పిన చిట్కాలలో ఏది పనిచేస్తుంది, ఏది ప్రమాదకరం? పిల్లి సాలీడును తిన్నప్పుడు భయపడాలా?

సమాధానం: చూరుకింద

మీ మొదటి ప్రశ్నకు మాత్రమే నేను సమాధానం చెప్పగలను. మందుల విషయం తెలిసినవారికే వదిలేస్తాను.

సాలీడు మన ఇంట్లోకి వచ్చేది పురుగుల కోసం. ఈగలు, దోమలు, దీపపు పురుగులు, చీమలు, చిన్న బొద్దింకలు దొరికినంత కాలం, గూళ్లను ఎన్నిసార్లు తుడిచేసినా మరొక సాలీడు అదే మూలను ఆక్రమిస్తుంది. అందువల్ల గూడు ఎక్కడ ఉందని చూడటంతోపాటు, ఆ గూటిలో ఏ పురుగుల అవశేషాలు వేలాడుతున్నాయో కూడా చూడండి. దోమలూ, రెక్కల పురుగులూ కనిపిస్తే కిటికీల దగ్గర, దీపాల దగ్గర వెతకాలి. చీమల తలలూ, కాళ్లూ గూటికింద పొడిలా రాలి ఉంటే ఆ గోడ పొడవునా ఎక్కడో చీమల బారు నడుస్తున్నదని అర్థం. బూజు దులపడానికి ముందు రెండు నిమిషాలు ఇలా పరిశీలించడం వల్ల తర్వాత చేయవలసిన పని సగం తగ్గుతుంది.

పెంపుడు జంతువులున్న ఇళ్లలో పురుగులకు ఆహారం మనమే, తెలియకుండానే, సమకూరుస్తుంటాం. కుక్క సగం తిని వదిలేసిన గిన్నె రాత్రంతా నేలమీద ఉంటే చీమలూ బొద్దింకలూ చేరుతాయి. పిల్లి లిట్టర్ బాక్స్‌ను రోజూ శుభ్రం చేయకపోతే ఈగలు ముసురుతాయి. మూతి విప్పి మడత పెట్టి ఉంచిన పొడి ఆహారపు సంచిలో చిన్నచిన్న చిమ్మటలు గుడ్లు పెడతాయి; బిగుతైన మూత ఉన్న డబ్బాలోకి ఆ ఆహారాన్ని మార్చడం మంచిది. చేపల తొట్టి చుట్టూ ఉండే తేమ, తొట్టిమీద రాత్రంతా వెలిగే దీపం కూడా పురుగులను రప్పిస్తాయి. ఆ దీపానికి టైమర్ పెట్టుకుంటే చేపలకూ మేలే, ఎందుకంటే వాటికీ చీకటి అవసరం.

దీపాల గురించి ఇంకొక మాట చెప్పాలి. రాత్రిపూట ఎగిరే పురుగులను అతినీలలోహిత కాంతీ, నీలిఛాయ ఎక్కువగా ఉన్న తెల్లని కాంతీ బలంగా ఆకర్షిస్తాయి. పసుపుఛాయ ఉన్న దీపాలు అంతగా ఆకర్షించవు. కాబట్టి వాకిలి దగ్గరా, బాల్కనీలోనూ ఉన్న తెల్లని దీపాలను తీసి పసుపు కాంతినిచ్చే ఎల్‌ఈడీలను పెట్టండి. వీలైతే తలుపుకు ఆనుకుని ఉన్న దీపాన్ని కాస్త దూరానికి జరపండి. నా దృష్టిలో ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చే మొదటి పని ఇదే, కానీ ఎందుకో దీన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ తర్వాత సందులు మూయాలి. తలుపు అడుగున వెలుతురు కనిపిస్తే అక్కడ రబ్బరు పట్టీ బిగించాలి. పైపులూ తీగలూ గోడలోకి వెళ్లే రంధ్రాలను సిలికాన్ సీలెంట్‌తో పూడ్చాలి. కిటికీ నెట్‌లో చిరుగులుంటే సరిచేయాలి. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల సాలీళ్లు దారపు పోగును గాలిలోకి వదిలి దానితో తేలిపోతూ నెట్ కన్నాల్లోంచి కూడా లోపలికి రాగలవు కనుక పూర్తిగా అడ్డుకోవడం సాధ్యం కాదు. అయినా పెద్దవాటి రాక, ముఖ్యంగా వాటి ఆహారమైన పురుగుల రాక, చాలా తగ్గుతుంది.

ఇప్పటికే లోపల ఉన్నవాటికి వాక్యూమ్ క్లీనర్‌ను మించినది లేదు. బూజుకర్రతో దులిపినప్పుడు గూడు పోతుంది గానీ సాలీడు నేలమీద పడి అలమర కిందికి పారిపోతుంది. పొడవాటి గొట్టం తగిలించిన వాక్యూమ్ గూడునూ, సాలీడునూ, గుడ్ల సంచినీ ఒకేసారి లాగేస్తుంది. గుడ్ల సంచి విషయమే ఇక్కడ అతి ముఖ్యం. చాలా జాతులలో ఒక్కో సంచిలో పదుల నుంచి వందల గుడ్లు ఉంటాయి కాబట్టి ఒక్క సంచి మిగిలిపోయినా మీ శ్రమ వృథా అవుతుంది. మీరు వర్ణించిన పొడవుకాళ్ల సాలీడు గుడ్లను గోడకు అంటించకుండా ఒక ముద్దగా తన నోటి దగ్గరే పట్టుకుని ఉంటుంది. కనుక తల్లిని లాగేస్తే గుడ్లు కూడా పోతాయి. పని ముగియగానే లోపలి సంచిని ఇంటి బయట ఖాళీ చేయడం మరచిపోకండి, లేకపోతే కొన్ని బతికి తిరిగి బయటికి పాకుతాయి.

సమాధానం: చికిత్సాగది

నేను జంతువుల వైద్యశాలలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. మీ రెండవ, మూడవ ప్రశ్నలకు సమాధానం రాస్తున్నాను. సహజమైనది కాబట్టి ప్రమాదం లేదన్న వాదనను ముందుగా పక్కన పెట్టండి, ఎందుకంటే ఆ మాటను నమ్మి నూనెలు వాడిన తర్వాత పిల్లిని మా దగ్గరికి తీసుకువచ్చేవారు తరచుగా కనిపిస్తుంటారు.

కొన్ని రసాయనాలను కాలేయంలో గ్లూకురొనిక్ ఆమ్లంతో జతచేసి శరీరం నుంచి బయటికి పంపే శక్తి పిల్లులలో చాలా తక్కువ. మనుషులూ కుక్కలూ సులువుగా వదిలించుకునే పదార్థాలు పిల్లి శరీరంలో ఎక్కువసేపు నిలిచిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. టీ ట్రీ, పెప్పర్‌మింట్, యూకలిప్టస్, నిమ్మజాతి తొక్కల నూనెలు గాఢంగా ఉన్నప్పుడు పిల్లులకు హాని చేస్తాయి. టీ ట్రీ నూనె కుక్కలకు కూడా ప్రమాదకరమే. చొంగ కారడం, వాంతులు, తడబడే నడక, వణుకు, మత్తుగా పడి ఉండటం వాటి లక్షణాలు. నూనెను పిల్లి తాగనవసరం లేదు. నూనె వాసనను గాలిలోకి వెదజల్లే డిఫ్యూజర్ పరికరం నుంచి వెలువడే సన్నని తుంపర్లు దాని బొచ్చుమీద వాలితే, ఒళ్లు నాక్కునేటప్పుడు అవన్నీ కడుపులోకే చేరుతాయి.

అంత ప్రమాదాన్ని భరించి వాడినా ఫలితం ఎంత అన్నది కూడా చూడాలి. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో పెప్పర్‌మింట్ నూనె కొన్ని సాలీడు జాతులను దూరంగా ఉంచింది గానీ, చాలామంది సిఫారసు చేసే నిమ్మనూనె ఏ ప్రభావమూ చూపలేదు. అది ప్రయోగశాలలో, సాలీడుకు రెండు చోట్లలో ఒకదాన్ని ఎంచుకునే వీలు కల్పించి చేసిన పరీక్ష. ఇంట్లో ఆ వాసన కొద్దిసేపటికే ఆవిరైపోతుంది. మళ్లీమళ్లీ చల్లుతూ ఉంటే అది సాలీడుకన్నా పిల్లికే ఎక్కువగా చేరుతుంది.

వెనిగర్ విషయానికి వస్తే, నేరుగా మీద పడిన సాలీడును అది చంపవచ్చు గానీ, ఆరిపోయాక అక్కడికి రాబోయే సాలీడును ఆపదు. కుక్కకూ పిల్లికీ ఆ వాసన చిరాకు కలిగిస్తుందే తప్ప పలచని వెనిగర్ తుడుపు వల్ల పెద్ద ప్రమాదం లేదు. పాలరాతిమీద మాత్రం వాడకండి, మెరుపు పోతుంది.

కలరా ఉండల గురించి మొహమాటం లేకుండా చెబుతాను: జంతువులున్న ఇంట్లో అవి ఉండకూడదు. వాటిలో నాఫ్తలీన్ గానీ పారాడైక్లోరోబెంజీన్ గానీ ఉంటుంది. నాఫ్తలీన్ కడుపులోకి వెళితే ఎర్ర రక్తకణాలు దెబ్బతిని రక్తహీనత ఏర్పడవచ్చు, కాలేయానికీ హాని కలగవచ్చు. ఈ విషానికి పిల్లులు మరింత సులువుగా లోనవుతాయి. గుండ్రంగా దొర్లే ఉండను చూసి పిల్లి ఆడుకోకుండా ఉంటుందని ఆశించలేం. పైగా అవి మూత బిగించిన పెట్టెలో బట్టలను తినే పురుగుల కోసం తయారైనవి; గాలి ఆడే గది మూలలో సాలీళ్లమీద వాటి ప్రభావం నామమాత్రం.

మూడవ ప్రశ్న: ఇళ్లలో తిరిగే సాలీళ్లలో అత్యధిక భాగాన్ని పిల్లి తిన్నా ఏమీ కాదు. సాలీడు విషం కుట్టి ఒంట్లోకి ఎక్కించితేనే పనిచేసే పదార్థం. కడుపులోకి వెళ్తే మామూలుగా జీర్ణమైపోతుంది. నమిలేటప్పుడు సాలీడు పెదవినో నాలుకనో కుడితే కొంత వాపు, కొంత చొంగ కనిపించి కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. అయితే విడో జాతి సాలీళ్లు, అంటే నల్లగా మెరిసే గుండ్రని పొట్ట కింద ఎర్రని గుర్తు ఉండే లాట్రోడెక్టస్ రకాలు, ఉన్న ప్రాంతమైతే జాగ్రత్త వేరుగా ఉండాలి, ఎందుకంటే ఆ విషానికి పిల్లులు చాలా తీవ్రంగా స్పందిస్తాయి. కండరాలు బిగుసుకుపోవడం, నొప్పితో అరవడం, వణుకు, పక్షవాతం వచ్చినట్టు కాళ్లు పడిపోవడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి. ఆస్ట్రేలియాలో మనుషులకు ప్రాణాంతకమైన ఫనెల్‌వెబ్ సాలీడు విషాన్ని కుక్కలూ పిల్లులూ చాలావరకు తట్టుకోగలవు. మనకు ప్రమాదకరమైనదంతా వాటికీ అంతే ప్రమాదకరమని అనుకోవడానికి వీల్లేదు, దీనికి విరుద్ధంగా అనుకోవడానికీ వీల్లేదు.

సమాధానం: గట్టుమీద

పైవారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, మందు అన్న మాటనే ఇంటికి దూరంగా ఉంచాలన్నట్టు చర్చ సాగడం సరికాదేమో. మా పెంపుడు కుక్క ఉన్న ఇంట్లోనే, నిపుణుడు వచ్చి బయటి గోడల పునాది చుట్టూ, కిటికీ చట్రాల బయటివైపు మాత్రమే మందు కొట్టాడు. అది పూర్తిగా ఆరేవరకు కుక్కను లోపలే ఉంచాం. దానికి ఏ ఇబ్బందీ కలగలేదు, లోపలికి వచ్చే పురుగులూ తగ్గాయి. పద్ధతిగా వాడితే మందుకూ ఒక స్థానం ఉంది. ఇల్లంతా బూజుతో నిండిపోయి, ఒంటరిగా ఉండే వృద్ధులు వాక్యూమ్ పట్టుకుని నిచ్చెన ఎక్కలేని పరిస్థితిలో వారికి మరో దారి ఏముంటుంది?

సమాధానం: చికిత్సాగది

మీరు చెప్పిన పద్ధతిలో తప్పేమీ లేదు. ఇంటి బయట, ఆరేవరకు జంతువును దూరంగా ఉంచి వాడటం వేరు, లోపల గదుల్లో డబ్బాతో చల్లడం వేరు. కానీ మీ ఇంట్లో ఉన్నది కుక్క. ప్రశ్న అడిగినవారి ఇంట్లో పిల్లులూ చేపలూ ఉన్నాయి, అక్కడే లెక్క మారుతుంది.

దుకాణాల్లో దొరికే పురుగుమందులలో ఎక్కువ శాతం పైరిథ్రాయిడ్ వర్గానికి చెందినవి: పెర్మెత్రిన్, సైపర్మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటివి. గాఢమైన పెర్మెత్రిన్ పిల్లిని చంపగలదు. ఒంటిమీది పేలు, పిడుదుల కోసం కుక్క మెడమీద పోసే కొన్ని మందుల్లో అది ఉంటుంది. పొరపాటున పిల్లికి పోసినా, పోసిన వెంటనే కుక్క పక్కన పిల్లి పడుకున్నా, కండరాలు అదరడం, ఒళ్లు వేడెక్కడం, మూర్ఛలు మొదలవుతాయి. ఇంట్లో చల్లే స్ప్రేలో గాఢత చాలా తక్కువే గానీ, తడి ఆరని నేలమీద నడిచి పాదాలు నాక్కునే జంతువు విషయంలో అజాగ్రత్త పనికిరాదు. చేపలకు పైరిథ్రాయిడ్లు అత్యల్ప మోతాదులోనే ప్రాణాంతకం. తొట్టిలోకి గాలి పంపే పంపు గదిలోని గాలినే నీళ్లలోకి నెడుతుంది కాబట్టి, ఆ గదిలో తుంపర కొడితే తొట్టిమీద మూత పెట్టినంత మాత్రాన సరిపోదు. పంజరంలో పక్షులున్నవారు ఆ గదిలో ఏరోసోల్ ఏదీ వాడకపోవడమే మేలు. వాటి ఊపిరితిత్తులు గాలిలోని పదార్థాలను మనకన్నా చాలా వేగంగా పీల్చుకుంటాయి.

ఒకవేళ ఎక్కడైనా మందు వాడి, జంతువు దానిలో తడిసిందని తెలిస్తే, గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే పలచని ద్రవ సబ్బుతో ఒంటిని కడిగి, తుడిచి, మందు డబ్బాను వెంట తీసుకుని వైద్యుని దగ్గరికి వెళ్లండి. డబ్బామీద రాసి ఉన్న మందు పేరు తెలిస్తే చికిత్స వెంటనే మొదలుపెట్టవచ్చు. వైద్యుడు చెప్పకుండా వాంతి చేయించే ప్రయత్నం మాత్రం చేయవద్దు.

ప్రశ్న అడిగినవారు: రెండుపిల్లులు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. కలరా ఉండలూ నూనెలూ పక్కన పెట్టేశాను. మరో రెండు సందేహాలు మిగిలాయి. ప్లగ్‌లో పెడితే మనకు వినిపించని ధ్వనితో పురుగులను తరిమే పరికరాలు పనిచేస్తాయా? జిగురు అట్టలు విషం కాదు కదా, వాటిని వాషింగ్ మెషీన్ వెనక పెట్టవచ్చా? గోడమీది ఆ పెద్ద సాలీడు సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. ఇంట్లోవారికి అసలు భయం దానితోనే.

సమాధానం: ఎనిమిదికాళ్లు

ధ్వని పరికరాలపై డబ్బు వృథా చేయకండి. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో ఇలాంటి పరికరాలను తయారుచేసే, అమ్మే 60కి పైగా సంస్థలకు, తమ ప్రకటనలకు శాస్త్రీయ ఆధారం ఉండాలని హెచ్చరిస్తూ లేఖలు రాసింది. సాలీళ్లకు మనలాంటి చెవులు లేవు. కాళ్లమీది సన్నని వెంట్రుకలతో, సూక్ష్మమైన చీలికల వంటి అవయవాలతో గాలి కదలికనూ గూటి ప్రకంపననూ గ్రహిస్తాయి. మనిషికి 20 కిలోహెర్ట్జ్‌కు మించిన ధ్వని వినపడదు. కుక్క దాదాపు 45 కిలోహెర్ట్జ్ వరకూ, పిల్లి 60 దాటిన తర్వాత కూడా వినగలవు. అంటే ఆ పరికరం సాలీడుకు ఏమీ చేయకపోగా మీ పిల్లుల చెవుల్లో రాత్రింబవళ్లు మోగుతుంది. ఎలుకజాతి పెంపుడు జంతువులున్న ఇంట్లో అయితే అది ఇంకా పెద్ద హింస.

జిగురు అట్టలు నేలమీద తిరిగే సాలీళ్లను పట్టుకుంటాయి, గూటిలో వేలాడేవాటిని పట్టుకోలేవు. కాబట్టి వాటి అసలు ఉపయోగం, ఏ మూల నుంచి ఏ పురుగులు వస్తున్నాయో చూపించడం. విడిగా పెడితే మాత్రం పిల్లి తోకకూ పాదాలకూ అంటుకుంటాయి, బల్లులూ ఇరుక్కుని నరకయాతన పడతాయి. పెట్టక తప్పదనుకుంటే, సాలీడు దూరేంత కన్నం మాత్రమే ఉన్న గట్టి డబ్బాలో ఉంచి, పిల్లి పంజా చేరని చోట బిగించండి. బొచ్చుకు జిగురు అంటితే లాగవద్దు, కత్తిరించనూ వద్దు. వంటనూనె రాసి మెల్లగా వదిలించి, ఆ నూనెను సబ్బునీటితో కడిగేయండి.

సాలీళ్లమీద పొడులు చల్లే పద్ధతిని కూడా కొందరు సూచిస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను. బోరిక్ ఆమ్లం ఒళ్లు శుభ్రం చేసుకునే బొద్దింక నోటిద్వారా లోపలికి వెళ్లి దాన్ని చంపుతుంది. సాలీడు ఆ పొడిని తినదు. గోడకు మందు పూసినా అంతే. కాళ్ల కొనలు మాత్రమే ఆనించి నడిచే జీవికి ఆ మందు అంటేది స్వల్పం, గూటినుంచి కిందికి దిగనిదానికి అసలే అంటదు. సాలీళ్లను మందుతో తొలగించడం కష్టం కావడానికి వాటి మొండితనం కన్నా ఈ నడకే పెద్ద కారణం. డయటమ్ మట్టి (సూక్ష్మ నాచు జీవుల శిలాజాల పొడి) విషం కాకపోయినా ఆ ధూళి జంతువుల ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇక గోడమీది పెద్దది. మీరు చెప్పిన వర్ణన హంట్స్‌మన్ జాతికి సరిపోతోంది. అది గూడు అల్లదు. పరుగెత్తి బొద్దింకలను వేటాడుతుంది. చేత్తో నొక్కితే కుట్టవచ్చు, నొప్పి పుడుతుంది, ఆరోగ్యవంతులకు సాధారణంగా అంతకుమించి ఏమీ కాదు. అది తరచుగా కనిపిస్తోందంటే ఇంట్లో బొద్దింకలు ఉండి ఉండవచ్చు కనుక వంటగది సింకు కిందా, మురుగు గొట్టాల దగ్గరా వెతకండి. పట్టుకోవడానికి వెడల్పాటి పారదర్శకమైన డబ్బాను దానిమీద నెమ్మదిగా బోర్లించి, గోడకూ డబ్బాకూ మధ్య గట్టి కాగితం దూర్చి, బయట వదిలేయవచ్చు. ఆడది తెల్లని బిళ్లలాంటి గుడ్ల సంచిని పొట్టకింద మోస్తూ తిరుగుతుంది. అలా కనిపించినప్పుడు మాత్రం తలుపు బిగించి, ఎలాగైనా ఆ రోజే బయటికి పంపండి. పిల్లిని ముందుగా వేరే గదిలో పెట్టడం మంచిది, లేకపోతే డబ్బా కన్నా ముందు అదే గోడ ఎక్కుతుంది.

పొడవుకాళ్లవి మనుషులకూ జంతువులకూ ఏ హానీ చేయవు. పైగా ఇతర సాలీళ్ల గూళ్లలోకి చొరబడి వాటిని తినేస్తాయి. వాషింగ్ మెషీన్ వెనక, ఎవరి కంటా పడని చోట ఒకటీ రెండూ ఉన్నా నేనైతే వదిలేస్తాను.

సమాధానం: చూరుకింద

చివరిదానితో నేను ఏకీభవించను. ఇంట్లోవారు సాలీళ్లంటే భయపడుతున్నప్పుడు, ఒకటీ రెండూ వదిలేయమని సలహా ఇవ్వడం సులువే గానీ ఆచరణలో అవే మళ్లీ గుడ్లు మోస్తాయి. మెషీన్ వెనక సందును కూడా సన్నని గొట్టంతో లాగేయండి. అయితే ఫలితం వెంటనే కనిపించదని ముందే తెలుసుకోవాలి. చాలా సాలీళ్లు వారాల తరబడి, కొన్ని నెలల తరబడి ఆహారం లేకుండా బతకగలవు; అందువల్ల దీపాలు మార్చి, గిన్నెలు ఎత్తి పెట్టి, సందులు మూసిన తర్వాత కూడా కొంతకాలం పాతవి కనిపిస్తూనే ఉంటాయి. కనిపించిన ప్రతిసారీ గూటితో సహా తీసేస్తూ, మొదటి రెండు నెలలు వారానికొకసారి మూలలన్నీ చూడండి. గుడ్లనుంచి అప్పుడే వెలువడిన పిల్లలు పైకప్పున చుక్కల్లా గుంపుగా కనిపిస్తే ఆ రోజే తొలగించండి, ఎందుకంటే కొద్దిరోజుల్లో అవి ఒక్కొక్కటీ ఒక్కో గదికి చెదిరిపోతాయి. వాక్యూమ్ చప్పుడుకు మీ వృద్ధ కుక్క బెదురుతుందనుకుంటే, దాన్ని ఎవరైనా బయట నడకకు తీసుకువెళ్లిన సమయంలో ఆ పని ముగించుకోవచ్చు.